రాని జనవరి: 607 రూపాయల సెలవు లెక్క

కార్మికుల కేసులు చూసే నా దగ్గరికి ఆయన వచ్చింది సెలవుల కోసం కాదు, ఉద్యోగం కోసం. జీడిమెట్లలోని ఒక మందుల కర్మాగారంలో ప్యాకింగ్ ఆపరేటర్‌గా రెండేళ్లు పనిచేశారు. ఒప్పంద గడువు ముగిసింది, కొనసాగించలేదు. ‘మళ్లీ తీసుకునేలా ఏమైనా చేయగలమా సార్’ అని అడిగారు. నియామక పత్రం చదివి, చేయలేమని చెప్పాను. 2021 ఆగస్టు 2 నుంచి 2023 జూలై 31 వరకు అని తేదీలతో సహా రాసి ఉంది. అలాంటి గడువు ముగిసి ఉద్యోగం పోతే అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 2(ఓఓ)(బీబీ) ప్రకారం అది రిట్రెంచ్‌మెంట్ (ఉద్యోగుల తగ్గింపు) కిందికి రాదు. పరిహారం అడగడానికి దారి లేదు. గడువు పేరుతో శాశ్వత పని చేయించుకున్నారని వాదించే కేసులు ఉంటాయి కానీ, అందుకు కావలసిన సాక్ష్యం ఇక్కడ లేదు. ఆ మాట మొదటి రోజే చెప్పాను.

లేవబోతూ మరో కాగితం తీశారు. పరిశ్రమల్లో అందరూ ‘ఫుల్ అండ్ ఫైనల్’ అనే తుది లెక్క. జీతం సరిగానే ఉంది, బోనస్ ఉంది. ఒక వరుస దగ్గర మాత్రం గోటితో గీసిన గుర్తు: ‘ఆర్జిత సెలవులు, 2 రోజులు, రూ. 607’. అంటే పనిచేసి సంపాదించి, వాడుకోకుండా మిగిలిన జీతపు సెలవులకు ఇచ్చే డబ్బు.

‘రెండేళ్లలో నేను వాడుకున్న సెలవులు అయిదే సార్, చెల్లెలి పెళ్లికి. రెండు రోజులే ఎలా మిగిలాయి?’

అది 2024 జనవరి చివరి వారం. కేసు అక్కడ మొదలైంది. మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. లెక్కల తీరు మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఈ కేసంతా లెక్కే.

కంపెనీ లెక్క ఎలా వచ్చింది

నోటీసు పంపకముందే 607 అనే అంకెను విడదీసి చూశాను. ఎదుటివారి తప్పు ఏమిటో వారికంటే ముందు మనకు తెలియాలి. మూల వేతనం 9,100. దాన్ని 30తో భాగిస్తే రోజుకు 303 రూపాయల 33 పైసలు. రెండు రోజులకు 607. అంటే కరువు భత్యం, ఇతర భత్యాలు వదిలేశారు, భాగించడానికి 30 తీసుకున్నారు. మరి రోజులు రెండే ఎందుకయ్యాయి? దానికి వారి జవాబు తర్వాత నోటీసుకు సమాధానంలో వచ్చింది. 2021లో 240 రోజులు పని చేయలేదు కనుక సున్నా. 2022లో పని చేశారు కనుక 14. 2023లో ఏడు నెలలకే గడువు ముగిసింది, 240 పూర్తికాలేదు కనుక మళ్లీ సున్నా. ఆ 14లో వాడుకున్నవి 12. మిగిలింది 2.

చూడటానికి పద్ధతిగా ఉంది. అందుకే ఎవరూ ప్రశ్నించరు.

ఇక్కడ కర్మాగారాల చట్టం అప్పట్లో నడిచిన తీరు కొంచెం చెప్పాలి. 1948 నాటి ఈ చట్టంలో సెక్షన్ 79 ప్రకారం సెలవు లెక్కకు ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబరు. ఒక క్యాలెండర్ సంవత్సరంలో 240 రోజులు పనిచేసినవారికి ప్రతి 20 పని దినాలకు ఒక రోజు చొప్పున తర్వాతి సంవత్సరంలో సెలవు వచ్చేది. ఆదివారాలు, పండుగ సెలవులు ఇందులో కలవవు. కీలకం ‘తర్వాతి సంవత్సరంలో’ అన్న మాట. ఈ ఏడాది సంపాదించిన సెలవు వచ్చే జనవరిలో ఖాతాలో పడుతుంది. శాశ్వత ఉద్యోగికి ఆ జనవరి వస్తుంది. గడువు ఉద్యోగికి చివరి ఏడాది తర్వాత జనవరి రాదు. ఆ ఏడాది సంపాదించినదంతా పడవలసిన ఖాతాయే ఉండదు. కంపెనీల సాఫ్ట్‌వేర్ శాశ్వత ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని తయారైనది. అది జనవరి కోసం ఎదురుచూస్తుంది, రాకపోతే సున్నా చూపిస్తుంది. నేను చూసిన ఇలాంటి వివాదాల్లో సగానికి పైగా ఎవరో కూర్చుని మోసం చేసినవి కావు, ఈ సున్నాను ఎవరూ తిరిగి చూడకపోవడం వల్ల వచ్చినవి. అయితే చూపించిన తర్వాత కూడా సరిదిద్దకపోతే దాన్ని పొరపాటు అనడం కష్టం.

ఈ ఖాళీని చట్టం ముందే ఊహించింది. ఏడాది మధ్యలో చేరినవారికి 240 అవసరం లేదు. ఆ ఏడాదిలో మిగిలిన రోజుల్లో మూడింట రెండు వంతులు పనిచేస్తే చాలు, అది 79(2). మధ్యలో వెళ్లిపోయేవారికి 79(3) ఉంది. తొలగించినా, తామే మానుకున్నా, పదవీ విరమణ చేసినా, మరణించినా, నిర్ణీత రోజులు పూర్తికాకపోయినా సరే, అదే ఇరవైకి ఒకటి లెక్కన సెలవు వేతనం ఇవ్వాలి. తొలగింపు, మానుకోవడం అయితే రెండో పనిదినం ముగిసేలోగా చెల్లించాలి. మా క్లయింటు విషయంలో అది 2023 ఆగస్టు 2.

గోడ క్యాలెండర్

రోజుల లెక్కకు సాక్ష్యం కావాలి. నియమాల ప్రకారం కార్మికుడి చేతిలో ఉండవలసిన లీవు పుస్తకం ఆయనకు ఎన్నడూ ఇవ్వలేదు. హాజరు యంత్రం కంపెనీది, దాని ప్రతి మా దగ్గర లేదు. ‘ఇంట్లో ఏమైనా రాసుకున్నారా’ అని అడిగితే లేదన్నారు. మరుసటి వారం భార్యతో కలిసి వచ్చారు. ఆమె సంచిలో మూడేళ్ల గోడ క్యాలెండర్లు చుట్టి తెచ్చారు.

పాల లెక్క, గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీ, పిల్లవాడి టీకా, వాటి మధ్య ఈయన డ్యూటీ. పగలైతే ‘ప’, రాత్రి అయితే ‘రా’. రాత్రి డ్యూటీ రోజున పాలు తక్కువ పోయించుకునేవారట, అందుకే రాసేవారు. సెలవు పెట్టిన రోజున ‘సె’. 2022 దసరా ముందు వరసగా ఏడు గళ్లలో ‘కంపెనీ బంద్’ అని ఉంది.

నేను ఇన్నేళ్లలో చూసిన మంచి సాక్ష్యాల్లో అదొకటి. కేసు కోసం తయారుచేసినది కాదు కనుకనే దానికి విలువ. పాలవాడితో తగాదా రాకూడదని రాసిన రాతకు అబద్ధమాడవలసిన అవసరం లేదు. మూడు క్యాలెండర్లలో ప్రతి నెల పేజీనీ ఫోటో తీయించాను, అసలు కాగితాలు వారి దగ్గరే జాగ్రత్త చేయమన్నాను.

లెక్క కట్టాం. 2021లో చేరిన రోజు నుంచి డిసెంబరు 31 వరకు 152 రోజులు. మూడింట రెండు వంతులంటే 102 చాలు. పనిచేసినవి 118. ఇరవైతో భాగిస్తే 5.9. 2022లో 284 రోజులు, 14.2. 2023లో ఏడు నెలల్లో 171 రోజులు, 8.55.

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. మొదటి నోటీసులో 2023కి 8 రోజులే రాశాను. దశాంశాన్ని అలవాటు కొద్దీ వదిలేశాను. నోటీసు నకలు చదివిన ఆయన భార్య ‘అక్కడ 5.9ని ఆరు చేశారు కదా సార్, ఇక్కడ 8.55 ఎనిమిదే ఎందుకైంది?’ అని అడిగారు. చట్టం తెరిచాను. 79(4): సగం లేదా అంతకు మించిన భిన్నాన్ని పూర్తి రోజుగా లెక్కించాలి, అంతకంటే తక్కువైతే వదిలేయాలి. ఆమె చెప్పిందే సరి. దరఖాస్తులో 9 అని సరిచేశాను. ఒక రోజంటే 660 రూపాయలు, వారి ఇంట్లో అది రెండు వారాల పాల ఖర్చు.

6, 14, 9 కలిపితే 29. వాడుకున్నవి 5. రావలసినవి 24.

రోజు వేతనం ఎంత అన్నది రెండో ప్రశ్న. సెక్షన్ 80 స్పష్టంగానే ఉంది. సెలవుకు ముందు నెలలో పూర్తిగా పనిచేసిన రోజుల మొత్తం సంపాదనలో రోజువారీ సగటు, ఓవర్‌టైమ్, బోనస్ మినహాయించి, కరువు భత్యం కలిపి. మూల వేతనం అనే మాటే అందులో లేదు. ఆయన నెల మొత్తం, ఓవర్‌టైమ్ కాకుండా, 17,160. జూలైలో 26 పని దినాలూ పనిచేశారు. అంటే రోజుకు 660. ముందు నెల అంటే జూనా, జూలైయా అన్న చర్చ వచ్చేదే, కానీ రెండు నెలల్లోనూ ఆయనకు అందింది ఒకటే కనుక ఆ చర్చ అవసరం పడలేదు.

24 రోజులకు 15,840. అందిన 607 తీసేస్తే 15,233.

కంపెనీ చెప్పిన నాలుగు మాటలు

నోటీసుకు సమాధానంలో వాదనలు నాలుగు వచ్చాయి. అన్నీ ఒకే బరువైనవి కావు.

వాడుకోని సెలవు డిసెంబరు 31తో రద్దవుతుందని నియామక పత్రంలో ఉందన్నారు. అది నిలవదు. వాడుకోని సెలవును వచ్చే ఏడాదికి కలపాలని, వయోజన కార్మికులకు 30 రోజుల వరకు అలా పోగుపడవచ్చని 79(5) చెప్పేది. ఒప్పందం చట్టం కంటే ఎక్కువ ఇవ్వవచ్చు, తక్కువ ఇవ్వడానికి లేదు.

‘నాకు రావలసిన బాకీలేవీ లేవు’ అని ఆయన సంతకం చేశారన్నారు. చేశారు. గేటు పాసు వెనక్కి ఇచ్చి, అనుభవ ధ్రువపత్రం తీసుకునే రోజున ఆ కాగితం ముందు పెడితే ఎవరైనా చేస్తారు. అప్పటి వేతన చెల్లింపు చట్టం సెక్షన్ 23 ప్రకారం, ఆ చట్టం ఇచ్చిన హక్కును వదులుకునే ఒప్పందం చెల్లదు. కర్మాగారాల చట్టం సెక్షన్ 82 సెలవు వేతనాన్ని ఆ చట్టం కిందనే వసూలు చేసుకోమంటోంది. సంతకం చేశాక ఇక అడగలేమని నా దగ్గరికి రాకుండా ఆగిపోయేవారు ఎందరో. ఆ కాగితం భయపెట్టడానికి పనికొచ్చినంతగా వాదించడానికి పనికిరాదు.

మూడోది ఏడు రోజుల బంద్. యంత్రాల మరమ్మతు కోసం ప్లాంట్ మూసిన ఆ వారాన్ని ఆర్జిత సెలవు కింద తగ్గించారు. అయిదూ ఏడూ కలిపి పన్నెండు, వారి లెక్కలోని 12 అదే. ఇక్కడ నేను ధీమాగా లేను. సెలవు అనేది కార్మికుడు ముందుగా రాతపూర్వకంగా అడిగి తీసుకునేది. కంపెనీ తన అవసరానికి మూసుకున్న రోజులు అడగకుండానే ఆయన ఖాతాలోంచి పోకూడదన్నది మా మాట. అయితే పని ఆగకుండా ఉండేందుకు సెలవులను వంతులవారీగా సర్దే పథకాన్ని కార్మిక ప్రతినిధుల ఒప్పుదలతో రూపొందించుకునే వీలు 79(8)లో ఉండేది. అలాంటి పథకం నిజంగా ఉండి, అందులో ఈ బంద్ కూడా ఉంటే మా వాదన బాగా నీరసించేది. లేదని తేలింది. బంద్ గురించి వాట్సాప్‌లో వచ్చిన ప్రకటన ఆయన ఫోనులో ఇంకా ఉంది. అందులో ‘ప్లాంట్ మరమ్మతుల వల్ల సెలవు’ అనే తప్ప, ఎవరి ఖాతాలోంచి అన్న మాట లేదు.

నాలుగోది అసలైనది. వారి న్యాయవాది అనుభవం ఉన్నవారు, చట్టాన్ని అక్షరం అక్షరం చదివినవారు. 79(3)లో ఉన్న మాటలు తొలగించడం, మానుకోవడం, పదవీ విరమణ, మరణం. ‘ఈయనను మేం తొలగించలేదు, ఈయన మానుకోలేదు. ఒప్పందం తనంతట తాను ముగిసింది. కాబట్టి 79(3) వర్తించదు, 2023 ఏడు నెలలకు ఏమీ రాదు’ అన్నది వాదన.

కొట్టిపారేయదగ్గది కాదు. గడువు ముగిసినవారిని రిట్రెంచ్‌మెంట్ నిర్వచనం నుంచి బయటపెట్టింది కూడా ఇలాంటి తర్కమే. నేను రెండు వైపుల నుంచి జవాబు సిద్ధం చేసుకున్నాను. ఒకటి, ఆ సెక్షన్ ఉద్దేశం. ఉద్యోగం ఏ దారిలో ముగిసినా అప్పటివరకు సంపాదించిన సెలవు వృథా కాకూడదన్నదే దాని సారం. చనిపోయినవారి వారసులకు సైతం ఇచ్చే చట్టం, ఒప్పుకున్న గడువంతా పనిచేసినవారికి మాత్రం ఎగ్గొట్టమంటుందా? రెండోది నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది, వారి నియామక పత్రమే. 2018 మార్చిలో కేంద్రం స్టాండింగ్ ఆర్డర్ల (పరిశ్రమల్లో ఉద్యోగ షరతుల) నియమాలను సవరించి, గడువు ఉద్యోగిని అన్ని పరిశ్రమల్లోకీ తెచ్చింది. పని గంటలు, వేతనాలు, ఇతర ప్రయోజనాలు శాశ్వత కార్మికుడికి తగ్గకూడదని, చట్టబద్ధ ప్రయోజనాలన్నీ సేవా కాలానికి తగిన నిష్పత్తిలో అందాలని అందులో ఉంది. ఆ కేంద్ర నియమం ఈ కర్మాగారానికి నేరుగా వర్తిస్తుందా అన్నది వేరే వాదన. దాని జోలికి పోనవసరం లేకపోయింది. ఎందుకంటే పత్రం రాసినవారెవరో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్లు తెచ్చి తొమ్మిదో షరతుగా పెట్టారు. నిష్పత్తి ప్రకారం ఇస్తామని తామే రాశాక, ఇరవైకి ఒకటి అన్న నిష్పత్తి కాకుండా మరేది?

నమూనా పత్రాలను నకలు కొట్టేవారి మీద నాకు పెద్దగా గౌరవం లేదు. ఆ రోజు మాత్రం కొంచెం కలిగింది.

విచారణ

వేతన చెల్లింపు చట్టం సెక్షన్ 15 కింద దరఖాస్తు వేశాం. అప్పట్లో దరఖాస్తు గడువు పన్నెండు నెలలు, డబ్బు ఇవ్వవలసిన రోజు నుంచి. వేతనం నెలకు 24,000 దాటనివారికే ఆ దారి. ఆయన దాని లోపలే ఉన్నారు. దాటి ఉంటే పారిశ్రామిక వివాదాల చట్టం 33సీ(2) కింద లేబర్ కోర్టుకు వెళ్లవలసి వచ్చేది.

మొదటి వాయిదాకు కంపెనీ తరఫున ఎవరూ రాలేదు. రెండోదానికి సమయం అడిగారు. మూడోదానికి సెలవుల రిజిస్టరు తెచ్చారు. రెండేళ్ల నమోదులన్నీ ఒకే సిరాతో, ఒకే వాలుతో ఉన్నాయి. నేనేమీ అనలేదు. విచారణ అధికారి పేజీలు తిప్పి, 2022 దసరా ముందు రోజుల దగ్గర ఆగి, ‘ఈ ఏడు రోజులకు దరఖాస్తు ఫారాలు ఎక్కడ?’ అని అడిగారు. తర్వాతి వాయిదాకు తెస్తామన్నారు. తేలేదు. మేం క్యాలెండర్ల అసలు ప్రతులు చూపించాం. వారి న్యాయవాది పాల లెక్క చూసి నవ్వారు కానీ, ‘ప’, ‘రా’ గుర్తులను తమ హాజరు యంత్రం పట్టికతో పోల్చాక అభ్యంతరం చెప్పలేదు. 2022 మొత్తంలో తేడా వచ్చింది ఒక్క రోజే, అదీ రాత్రి డ్యూటీ ఏ తేదీకి చెందుతుందన్న విషయంలో.

అప్పుడు కంపెనీ ఒక మెట్టు దిగింది. 15 రోజులకు 660 చొప్పున ఇస్తామన్నారు. 2021లో సంపాదించిన ఆరులో వాడుకున్న అయిదు పోను మిగిలిన ఒకటి, 2022లో సంపాదించిన 14. ఇవి అప్పటికే ఖాతాలో పడినవి, వాటికి 79(3) అవసరమే లేదు. 9,900లో ఇచ్చిన 607 పోను 9,293. చివరి 9 రోజుల మీద మాత్రం పోరాడతామన్నారు. ఆ బేరంలో తర్కం ఉందని ఒప్పుకోవాలి, నోటికొచ్చిన అంకె కాదు అది.

నాకు పోరాడాలని ఉంది. గడువు ముగియడం 79(3) కిందికి వస్తుందా రాదా అన్న ప్రశ్నకు సూటిగా ఒక ఆదేశం చేతికొస్తే తర్వాత వచ్చే పది మందికి పనికొస్తుంది. ఆ చట్టంలో పరిహారం వేసే అధికారమూ ఉండేది. కానీ కేసు నాది కాదు. అప్పటికి ఆయన ఇంకోచోట ఇంకో గడువు ఉద్యోగంలో ఉన్నారు, ప్రతి వాయిదాకూ ఒక రోజు కూలి పోతోంది. అయిదు వాయిదాలంటే అయిదు రోజులు. సెలవు డబ్బు కోసం సెలవు పెట్టుకుంటున్నారన్నమాట.

9,293కు ఒప్పుకోవద్దని, మొత్తం ఇస్తే పరిహారం వదిలేద్దామని సలహా ఇచ్చాను. ఆయన సరేనన్నారు. ఆరో వాయిదాలో కంపెనీ 15,233 మొత్తం ఇచ్చింది. ‘దీన్ని ఇతర ఉద్యోగుల విషయంలో ఉదాహరణగా చూపరాదు’ అన్న వాక్యం రాజీ పత్రంలో ఉండాలని పట్టుబట్టింది. రాయనిచ్చాం. నాలుగో వాదనకు అలా జవాబు రాకుండానే కేసు మూతపడింది. ఆ రాజీ సరైనదేనా అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటాను.

ఇప్పుడైతే

2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల స్థానంలో నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమలులోకి వచ్చాయి కనుక, ఇదే కేసు ఇప్పుడు వస్తే కొన్ని అంకెలు మారతాయి. 240 స్థానంలో 180 రోజులు. క్లెయిముకు పన్నెండు నెలలకు బదులు మూడేళ్లు. మూల వేతనాన్ని చిన్నది చేసి మిగతాదంతా భత్యాల్లో పెట్టే పద్ధతికి కూడా కత్తెర పడింది. మినహాయించదగిన భత్యాలు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలోనే కలుస్తుంది. గడువు ఉద్యోగికి ఏడాది సేవకే నిష్పత్తి ప్రకారం గ్రాట్యుటీ వస్తుంది. మా క్లయింటుకు పాత చట్టంలోని అయిదేళ్ల షరతు వల్ల అది రాలేదు. ఇరవైకి ఒకటి అన్న లెక్క మాత్రం అలాగే ఉంది. ఇదంతా కర్మాగారాల సంగతి. దుకాణాలు, ఆఫీసుల్లో పనిచేసేవారికి వర్తించే రాష్ట్ర చట్టంలో లెక్క వేరు, ఈ అంకెలను అక్కడ పెట్టి చూడకండి.

రాజీలో ఉదాహరణగా చూపరాదన్న వాక్యం కాగితానికే పరిమితమైంది. ప్యాకింగ్ విభాగంలో ఆ సంగతి వారంలో పాకింది. అదే రోజున గడువు ముగిసినవారు మరో నలుగురు తమ 607ల లాంటి కాగితాలతో వచ్చారు. ముగ్గురివి పన్నెండు నెలల లోపలే ఉన్నాయి. లెక్క కట్టి పంపిన మొదటి నోటీసుకే కంపెనీ డబ్బు ఇచ్చేసింది, చివరి ఏడాది రోజులతో సహా, వాదన లేకుండా.

నాలుగో ఆయన సొంతూరు వెళ్లి, తల్లి ఆస్పత్రి పనుల్లో ఉండి, 2024 సెప్టెంబరులో వచ్చారు. గడువు ఆగస్టుతో దాటిపోయింది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలు ఉంది కనుక ఆస్పత్రి కాగితాలు జతచేసి దరఖాస్తు వేశాను. క్యాలెండర్ ఏమైనా ఉందా అని అడిగాను. అద్దె గది ఖాళీ చేసినప్పుడు గోడకే వదిలేసి వచ్చారట.